దించటం వేరు, మార్చటం వేరు

2023 డిసెంబరు 3న ఓట్లు లెక్కపెట్టిన నాటి నుంచి మన మిత్రుల మధ్య ఒక వాదం నడుస్తున్నది. కురవి బస్టాండు దగ్గరి టీకొట్టులో మొదటిసారి విన్నాను. ఆ తరవాత మా ఉపాధ్యాయుల గదిలో విన్నాను, విద్యార్థుల వసతిగృహంలో విన్నాను. ఒక పక్షంవారు "జనం అమ్ముడుపోయారు" అంటారు. రెండో పక్షంవారు "ప్రజాస్వామ్యం గెలిచింది" అంటారు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే. ఇద్దరూ అభ్యుదయవాదులమనే చెప్పుకుంటారు. ఇద్దరి మాటా తప్పని నా అభిప్రాయం. అంతే కాదు, ఇద్దరూ చేస్తున్నది ఒకే తప్పు. ప్రజలు వాళ్లకు ఐదేళ్లకు ఒకసారి, ఒక్క పగటిపూట మాత్రమే కనిపిస్తారు. మిగిలిన రోజుల్లో ఆ ప్రజలు ఏం చేస్తున్నారో, వాళ్లతో మనం ఏం చేస్తున్నామో ఈ ఇద్దరికీ పట్టదు.

ముందు జరిగిందేమిటో చూద్దాం. కురవి మండలం డోర్నకల్ నియోజకవర్గంలోది. ఈ స్థానపు చరిత్రలో అర్ధశతాబ్దం పాటు ముఖ్యంగా మూడే పేర్లు వినిపిస్తాయి: నూకల రామచంద్రారెడ్డి, రామసహాయం సురేందర్‌రెడ్డి, డి.ఎస్. రెడ్యానాయక్. ముగ్గురూ కాంగ్రెసువారే. రెడ్యానాయక్ 1989, 1994, 1999, 2004లలో వరసగా నాలుగుసార్లు గెలిచారు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి మంత్రివర్గంలో గిరిజన సంక్షేమ మంత్రి అయ్యారు. 2009లో తెలుగుదేశం అభ్యర్థి సత్యవతి రాథోడ్ చేతిలో ఓడిపోయారు. 2014లో కాంగ్రెసు గుర్తు మీద మళ్లీ గెలిచి, గెలిచిన కొద్ది నెలలకే తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరారు. 2018లో ఆ పార్టీ గుర్తు మీద ఆరోసారి గెలిచారు. అప్పుడు ఆయన చేతిలో ఓడిపోయిన కాంగ్రెసు అభ్యర్థి జాటోత్ రామచంద్రునాయక్, వృత్తిరీత్యా వైద్యుడు. 2023 నవంబరు 30న మళ్లీ ఆ ఇద్దరే ఎదురుపడ్డారు. ఈసారి రామచంద్రునాయక్ 53 వేలకు పైబడిన ఆధిక్యంతో గెలిచారు.

రాష్ట్రమంతటా జరిగింది కూడా ఇలాంటిదే. 2014 నుంచి ముఖ్యమంత్రిగా ఉన్న కె. చంద్రశేఖరరావు పార్టీకి 119 స్థానాల్లో 39 మిగిలాయి. రేవంత్‌రెడ్డి నాయకత్వాన కాంగ్రెసు 64 గెలిచింది. రెండు పార్టీలకూ వచ్చిన ఓట్లలో తేడా మాత్రం రెండు శాతం చిల్లర.

రెడ్యానాయక్ గెలుపుల విషయంలో ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. 1989లో ఆయన మొదటిసారి గెలిచేనాటికి డోర్నకల్ రిజర్వుడు స్థానం కాదు. రెడ్లు కూర్చున్న కుర్చీలో తండా నుంచి వచ్చిన మనిషి జనరల్ స్థానంలో నిలబడి గెలిచి కూర్చున్నాడు. దొర గడీ ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన తాతలు గుర్తున్న జిల్లాలో ఇది చిన్న సంగతి కాదు. దీన్ని చిన్నబుచ్చే విమర్శకుడు కులాన్ని ఎరగనివాడు. అయితే కుర్చీలో కూర్చున్న మనిషి మారినంత మాత్రాన కుర్చీ మారిందని నమ్మేవాడు వర్గాన్ని ఎరగనివాడు. ఈ రెండు అజ్ఞానాలూ మనలో సమపాళ్లలో ఉన్నాయి.

ఇక మొదటి వాదం. "జనం అమ్ముడుపోయారు." ఈ మాట అన్న మిత్రుణ్ణి నేనొక ప్రశ్న అడిగాను. ఎన్నికను తేల్చేది డబ్బే అయితే, పదేళ్లు గద్దె మీద ఉన్న పార్టీ ఎందుకు ఓడిపోయింది? 2024 మార్చిలో బయటపడ్డ ఎన్నికల బాండ్ల లెక్కల్లో ఆ పార్టీకి 1,200 కోట్ల రూపాయలకు పైగా ముట్టినట్టు తేలింది. అంత ధనం ఉన్నవాడు ఓడిపోయిన ఎన్నికను చూపించి, ధనమే గెలిచిందనటం ఏ తర్కం? మిత్రుడు కొంచెంసేపు ఆలోచించి, "అయితే అవతలివాళ్లు ఇంకా ఎక్కువ ఇచ్చి ఉంటారు" అన్నాడు. వాదం తప్పిపోతే సాక్ష్యాన్ని ఊహించుకోవటం మధ్యతరగతి మేధావికి వెన్నతో పెట్టిన విద్య.

కౌలుకు మూడెకరాలు తీసుకుని మిర్చి వేసే ఒక తండా స్త్రీ ఇదే ప్రశ్నకు నాకు వేరే జవాబు చెప్పింది. లెక్కింపు అయిన వారానికి ఆమె కల్లంలో కాయ ఆరబోస్తున్నది.

"సారూ, పైసలిచ్చేటోళ్లు ఎప్పుడైనా ఇస్తరు. తీసుకోకపోతే మేం మంచోళ్లమైతమా? ఓటైతే మేమే ఏసుకున్నం. కౌలుకు చేస్తున్నమని రాసియ్యమని ఆఫీసుకు పోతే పట్టా ఉన్నదా అన్నరు. పట్టా ఉంటే నేనెందుకు పోత? ఏం జేస్తమో మాకు ఎరుకలేదు గని, దించుడైతే మా చేతిల ఉన్నది. దించినం."

"మరి ఎక్కినాయన పని చేస్తాడా అమ్మా?" అన్నాను.

"చెయ్యకపోతే ఆయన్నీ దించుతం. ఐదేండ్లు ఓపిక పట్టాలె, గంతే."

ఈ జవాబులో అమ్ముడుపోయిన మనిషి ఎక్కడున్నాడు? తనకున్న ఒకే ఒక్క ఆయుధం ఎంతవరకు తెగుతుందో, ఎక్కడ తెగదో ఆమెకు మనకంటే బాగా తెలుసు. ప్రజలను తిట్టే అభ్యుదయవాది తన వైఫల్యానికి ప్రజల మీద కేసు పెడుతున్నాడు. మూడెకరాల కౌలుదారు మీద ఆ కేసు నిలవదు.

రెండో వాదం ఇంకా ప్రమాదకరమైనది, ఎందుకంటే వినటానికి ఇంపుగా ఉంటుంది. "ప్రజాస్వామ్యం గెలిచింది. పాతుకుపోయిన నాయకులను సామాన్యులు పడగొట్టారు." ఇందుకు రుజువుగా మన పొరుగున ఉన్న పాలకుర్తిని చూపిస్తారు. 1994 నుంచి శాసనసభ ఎన్నికల్లో వరసగా ఆరుసార్లు గెలిచి, మంత్రిగా ఉండిన ఎర్రబెల్లి దయాకరరావును అక్కడ 26 ఏళ్ల యశస్వినీరెడ్డి 47 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడించింది. వార్త గొప్పదే. కాని పాలకుర్తి ఎటువంటి నేల? ఐలమ్మ తన పంటను తన ఇంటికి చేర్చుకున్న నేల. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి అక్కడిదే. ధర్మాపురం లంబాడీలు తమ చెలకలను నిలుపుకోవటానికి విసునూరు దేశముఖుతో తలపడి, జాటోత్ ఠానునాయక్ వంటి వీరులను పోగొట్టుకున్నదీ అక్కడే. ఆ నేలలో ఇవాళ జరిగిన పోటీ ఎవరి మధ్య? ఇంటిపేర్లు వేరు, వయసులు వేరు, గుర్తులు వేరు. ఐలమ్మ వారసురాలు ఎవరైనా ఆ పోటీలో ఉన్నదా? ఆమె క్యూలో ఉన్నది, ఓటు వేసి వెళ్లిపోయింది.

పడగొట్టినవాళ్లూ పడిపోయినవాళ్లూ తరవాత ఎక్కడ చేరుతారో డోర్నకల్ చరిత్రే చెబుతుంది. 2009లో రెడ్యానాయక్‌ను ఓడించిన సత్యవతి రాథోడ్ 2014లో తెలంగాణ రాష్ట్ర సమితి తరఫున ఆయన మీదనే నిలబడి ఓడిపోయారు. గెలిచిన ఆయన ఆ వెంటనే అదే సమితిలో చేరారు. 2019 నాటికి ఆయన ఆ పార్టీ శాసనసభ్యుడు, ఆమె ఆ పార్టీ ప్రభుత్వంలో మంత్రి. ఓటరు రెండుసార్లు వాళ్లలో ఒకరిని కాదని ఒకరిని ఎన్నుకున్నాడు. వాళ్లు మాత్రం ఒకే పంక్తిలో విస్తళ్లు వేసుకున్నారు. ఇది వ్యక్తుల దోషమని నేననను. 2019లో 12 మంది కాంగ్రెసు సభ్యులు మూకుమ్మడిగా పాలకపక్షంలో కలిశారు. 2023 తరవాత గాలి మళ్లగానే భారత రాష్ట్ర సమితి గుర్తు మీద గెలిచిన పదిమంది ఇటు నడిచారు. ఆ పదిమంది సంగతి మూడు నెలల్లో తేల్చమని సుప్రీంకోర్టు 2025 జూలై 31న స్పీకరుకు చెప్పవలసి వచ్చింది. ఇంతమంది ఇంత సులువుగా దాటగలుగుతున్నారంటే, దాటవలసిన కాలవ ఎంత లోతున్నట్టు? రెండు పార్టీల మధ్య సిద్ధాంతమనేది మోకాటి లోతు కూడా లేదు.

"మరి విధానాల్లో తేడా లేదా?" అని విద్యార్థులు అడుగుతారు. ఈ ప్రశ్నకు కురవి నుంచే జవాబు చెబుతాను.

కురవిలో వీరభద్రస్వామి గుడి ఉన్నది. 2017 ఫిబ్రవరి 24న, శివరాత్రి నాడు, ముఖ్యమంత్రి హోదాలో చంద్రశేఖరరావు వచ్చి స్వామికి బంగారు మీసాలు సమర్పించారు. తెలంగాణ వస్తే చేయిస్తానని మొక్కుకున్నారట. అంతకు రెండు రోజుల ముందు తిరుమల వెంకటేశ్వరునికి ఐదు కోట్లకు పైబడిన ఆభరణాలు సమర్పించారు. వాటితో పోలిస్తే మీసాల ఖరీదు వేలల్లోనే. ఖరీదు గురించి నాకు పేచీ లేదు. భక్తుల విశ్వాసంతోనూ పేచీ లేదు. మా అమ్మ కూడా ఆ జాతరకు ఏటా పోయేది. నా పేచీ మొక్కు తీర్చుకున్న పద్ధతితో. మొక్కుకున్నది ఒక మనిషి. చెల్లించింది ప్రభుత్వపు సొమ్ము. రాజు, రాజ్యం, రాజు బొక్కసం ఒకటే అనే భావన అందులో ఉన్నది. కురవిలో పదో శతాబ్దపు శాసనం దొరికింది. ఆనాటి రాజుకు ఈ భావన ఉండటం సహజం. 2017లో ఓట్లతో ఎన్నికైన మనిషికి ఉండటం సహజం కాదు.

ఆ శివరాత్రి దాటి రెండు నెలలు గడిచాయో లేదో, ఏప్రిల్ 28న ఖమ్మం మార్కెట్‌యార్డులో మిర్చి రైతులు తిరగబడ్డారు. క్వింటాలు రెండు మూడు వేలకు పడిపోయింది. కోతకూలి కూడా గిట్టని ధర. మే నెలలో ఆ కేసులో రైతులకు బేడీలు వేసి న్యాయస్థానానికి తెచ్చారు. అదే ఏడు, అదే ప్రాంతం: దేవుడికి బంగారు మీసాలు, రైతుకు ఇనుప బేడీలు.

ఈ రెంటినీ కలిపే సూత్రం ఒకటి ఉన్నది. పదేళ్ల ఆ పాలన ప్రజలకు కొంత ఇచ్చింది, కాదనను. ఎకరానికి ఇంత అని రైతుబంధు ఇచ్చింది. తండాలను పంచాయతీలు చేసింది. 2023 జూన్ చివర, ఎన్నికలకు ఐదు నెలల ముందు, నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు లక్షన్నర మందికి పంచటం మొదలుపెట్టింది. కాని ఇచ్చినదంతా దానంగా ఇచ్చింది. పోడు భూమి మీద హక్కును 2006 నాటి అటవీహక్కుల చట్టమే చెప్పింది. చట్టం ఇచ్చిన హక్కును 17 ఏళ్లు ఆలస్యంగా, నాయకుడి బొమ్మ కింద, పందిరి వేసి పంచితే అది కానుక అవుతుందా? అప్పు ఆలస్యంగా తీర్చినవాణ్ణి దాత అని పొగుడుతామా? దానం చేసేవాడు ఎవరికి పెట్టాలో తానే నిర్ణయిస్తాడు. అందుకనే రైతుబంధు పట్టా ఉన్నవాడికి, నగరంలో కూర్చున్న భూయజమానికి సైతం చేరింది. దుక్కి దున్ని అప్పుచేసి పురుగుమందు కొట్టిన కౌలుదారుకు చేరలేదు. 2021-22లో నల్లతామర పురుగు మా జిల్లా మిర్చితోటలను ఊడ్చినప్పుడు నష్టపడ్డవాడు ఎక్కువచోట్ల ఆ కౌలుదారే. కౌలుదారులకు గుర్తింపు కార్డులివ్వాలన్న 2011 నాటి చట్టం ఉండనే ఉన్నది. దాన్ని మూలన పడేశారు. దానశీలి రాజ్యంలో హక్కు అడిగినవాడు కృతఘ్నుడు. ఇంకొంచెం గట్టిగా అడిగితే ముద్దాయి.

పోటీకి వచ్చిన పక్షం దీన్ని బాగానే గ్రహించింది. అందుకనే తన వాగ్దానాలకు "గ్యారంటీలు" అని పేరు పెట్టింది. 2023 సెప్టెంబరులో తుక్కుగూడ సభలో ప్రకటించిన ఆరు గ్యారంటీల్లో కౌలుదారు పేరు ఉన్నది, కూలీ పేరు ఉన్నది. నేను మెచ్చుకున్నాను. కానుకను అడగలేం, హామీని అడగగలం. మాటలో వచ్చిన ఈ మార్పు కూడా జనం ఒత్తిడి వల్ల వచ్చినదే. గెలిచిన తరవాత స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణం వచ్చింది. 2024లో రెండు లక్షల దాకా పంటరుణాల మాఫీ నడిచింది. ఇవి అబద్ధాలు కావు. అయితే 2025 జనవరిలో రైతుభరోసా మొదలైనప్పుడు 15 వేలు 12 వేలయ్యాయి; అవి కూడా పట్టాదారు ఖాతాకే పోయాయి. కౌలుదారు మళ్లీ గట్టు మీదనే మిగిలాడు. కల్లంలో కాయ ఆరబోసిన ఆ తల్లి ప్రభుత్వాన్ని దించింది గాని, పట్టా పుస్తకాన్ని దించలేకపోయింది.

బేడీల కథ కూడా అక్కడితో ముగియలేదు. 2024 నవంబరులో, కొత్త ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గమైన కొడంగల్‌లో, భూసేకరణను ఎదిరించిన లగచర్ల ప్రాంతపు రైతులను జైళ్లలో పెట్టారు. వాళ్లలో లంబాడీలు ఎక్కువ. డిసెంబరులో వాళ్లలో ఒకరిని జబ్బు చేస్తే ఆసుపత్రికి బేడీలతో తీసుకువచ్చారు. ఖమ్మంలోనూ ఇక్కడా చర్యకు గురైంది కిందిస్థాయి అధికారులే. అంతకు ముందు నవంబరు 25న ఆ రైతుల పక్షాన మానుకోటలో ధర్నా చేసిందెవరు? ఖమ్మం రైతుకు బేడీలు పడ్డనాడు పాలించిన పార్టీ. అప్పుడు ఖమ్మం రైతు కోసం కన్నీరు కార్చినదెవరు? ఇప్పుడు లగచర్లను ఏలుతున్న పార్టీ. కన్నీళ్లు పక్షాలు మారుతున్నాయి, బేడీలు మాత్రం రైతు చేతినే నమ్ముకుని ఉన్నాయి. "ప్రజాస్వామ్యం గెలిచింది" అనే మిత్రులు ఆ ఇనుముకు ఏ పార్టీ సభ్యత్వం ఉన్నదో చెప్పాలి.

ఇంతవరకూ ఇతరుల తప్పులు చెప్పాను. ఇక్కడ ఆగితే ఈ వ్యాసం రాయనక్కర లేదు. మన తప్పు చెప్పటం మిగిలి ఉన్నది, అందులో నా భాగమూ ఉన్నది.

2022 నవంబరులో మునుగోడు ఉపఎన్నిక వచ్చింది. మతతత్వాన్ని నిలవరించాలన్న కారణంతో రెండు కమ్యూనిస్టు పార్టీలూ పాలకపక్షాన్ని బలపరిచాయి. ఆ నిర్ణయాన్ని మా విద్యార్థుల ముందు సమర్థించినవాళ్లలో నేనొకణ్ణి. "పెద్ద ప్రమాదాన్ని ఆపటానికి చిన్న ప్రమాదంతో చేతులు కలపాలి" అని గంటసేపు చెప్పాను. చివర ఒక పిల్లవాడు లేచి, "సార్, మా నాయిన కౌలు రైతు. మునుగోడులో ఓటు అడిగేటప్పుడు కౌలు రైతుల సంగతి మనం షరతుగా పెట్టినమా?" అన్నాడు. నేను "అది తరవాతి విషయం" అన్నాను. ఆ జవాబు తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గు వేస్తుంది. మునుగోడులో పాలకపక్షం గెలిచింది. 2023 ఆగస్టు 21న అదే పక్షం 115 మంది అభ్యర్థుల జాబితా ఒక్కసారిగా ప్రకటించింది, మన ఊసే ఎత్తలేదు. తరవాత ఒక పార్టీ కాంగ్రెసుతో పొత్తు పెట్టుకుని కొత్తగూడెం ఒక్కటి గెలిచింది. రెండోది ఒంటరిగా పోటీచేసి ఒక్కటీ గెలవలేదు. మనల్ని మోసగించారని మనవాళ్లు వాపోయారు. ఇందులో మోసమేమున్నది? నిచ్చెనగా నిలబడినవాడు, ఎక్కినవాడు తనను కూడా పైకి లాగుతాడని ఎదురుచూడటం నిచ్చెన స్వభావం తెలియకపోవటమే.

ఈ గడ్డ మీద ఓటుకు ఇంతకు భిన్నమైన చరిత్ర ఒకటి ఉన్నది. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి పి.డి.ఎఫ్. అభ్యర్థి రావి నారాయణరెడ్డికి వచ్చిన ఓట్లు నెహ్రూకు వచ్చిన ఓట్లను మించిపోయాయి. అది ప్రచారం వల్ల వచ్చిన ఫలితం కాదు. సుందరయ్యగారు చెప్పిన లెక్క ప్రకారం మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచిన పోరాటం ఆ ఓటు వెనక ఉన్నది. అప్పటి ఓటరు బూతు దగ్గరికి ఒంటరిగా పోలేదు. అతని వెంట సంఘం ఉన్నది. ఎన్నిక మర్నాడూ ఆ సంఘం ఊళ్లోనే ఉన్నది. కౌలుదారు అనే మాటకు చట్టంలో రక్షణ సంపాదించిన 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం కూడా ఏ దాత దయవల్లనో రాలేదు. ఆ పోరాటపు వేడికి వచ్చింది.

1838లో ఇంగ్లండు చార్టిస్టు కార్మికులు ఆరు కోర్కెలు పెట్టారు. రహస్య ఓటు వంటివి ఐదు కాలక్రమాన నెరవేరాయి. ఏటేటా పార్లమెంటుకు ఎన్నిక జరగాలన్న ఆరోది మాత్రం ఈనాటికీ నెరవేరలేదు. 1871లో పారిస్ కమ్యూను తన ప్రతినిధులను ఎప్పుడంటే అప్పుడు వెనక్కి పిలిచే హక్కు ప్రజలకిచ్చింది. ఆ కమ్యూనును రెండు నెలలకే రక్తంలో ముంచారు. ఓటు ఇవ్వటానికి పాలకవర్గాలు క్రమంగా ఒప్పుకుంటాయి. ఓటుకూ ఓటుకూ మధ్య ప్రజలు నోరెత్తటానికి మాత్రం ఒప్పుకోవు. "ఐదేండ్లు ఓపిక పట్టాలె" అని ఆ తల్లి అన్నప్పుడు ఆమె చెప్పింది రాజ్యాంగంలోని ఒక లోటు మాత్రమే కాదు, మన ఉద్యమంలోని లోటు కూడా. ఆ ఐదేళ్లూ ఆమె పక్కన నిలబడవలసినవాళ్లం మనం.

కనుక విద్యార్థులకూ తోటి ఉపాధ్యాయులకూ నేను చెప్పేదిది. ఎన్నికను ఈసడించకండి. 53 వేల ఆధిక్యంతో వచ్చిన ఆ తీర్పు ప్రజలు తమ కోపాన్ని తమ చేత్తో రాసిన పత్రం. ఎన్నికను పూజించకండి కూడా. దించటం మార్చటం కాదు. మీ ఊళ్లో ఎంతమంది కౌలుదారులున్నారో, ఏ భూమిని ఎంత కౌలుకు దున్నుతున్నారో రాసిన జాబితా ఏ ఆఫీసులోనూ దొరకదు. ఆ జాబితా తయారుచెయ్యటానికి తుపాకులు అక్కర్లేదు, టిక్కెట్లు అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, కొన్ని సాయంత్రాలు చాలు. దాన్ని గ్రామసభలో చదివించండి. ఓటు అడగవచ్చిన ప్రతివాడి చేతిలో పెట్టండి. గెలిచినవాడి గుమ్మం ముందు మళ్లీ చదవండి. ఓడినవాడు సానుభూతితో వస్తే, తన హయాములో దీన్ని ఎందుకు రాయించలేదో అడగండి.

మునుగోడు నాడు నన్ను ప్రశ్నించిన పిల్లవాడు ఇప్పుడు ఒక ఊళ్లో పంతులుగా పనిచేస్తున్నాడు. మొన్న కలిసినప్పుడు తన ఊరి జాబితా చూపించాడు. 61 పేర్లున్నాయి. మొదటి పేరు వాళ్ల నాయనది. "తరవాతి విషయం ఇప్పుడు మొదలుపెట్టిన సార్" అన్నాడు. నేను ఆనాడు ఇవ్వవలసిన జవాబును అతనే రాసుకున్నాడు.